సంక్షోభంలో షేర్లు పడేది వార్తల వల్లా, డబ్బు ఆడకపోవడం వల్లా?

"సంక్షోభం వచ్చినప్పుడు మంచి కంపెనీల షేర్లు కూడా ఎందుకు కుప్పకూలతాయి? చెడ్డ వార్తల వల్లేనా?" అని అడిగారు. నా మటుకు నాకు సందేహం లేదు, డబ్బు ఆడకపోవడం వల్లే. వార్తలు దానికి పెట్టే పేరు మాత్రమే.

2008 జనవరి 22, మంగళవారం. విజయవాడ గవర్నర్‌పేటలో మా సబ్‌బ్రోకర్ ఆఫీసులో ఉన్నాను. ముందురోజే సెన్సెక్స్ 1,408 పాయింట్లు పోయింది. ఆ ఉదయం మార్కెట్ తెరిచిన కాసేపటికే పది శాతానికి పైగా పడి, గంటసేపు ట్రేడింగ్ ఆపేశారు. చిన్న గదిలో ఇరవై మందిమి, ఎవరి నోటా మాట లేదు. ఫోన్లు మాత్రం మోగుతూనే ఉన్నాయి. టెర్మినల్ దగ్గరి కుర్రాడు నా వైపు తిరిగి, "సార్, మీ మార్జిన్ చాలట్లేదు. మళ్ళీ మొదలయ్యేలోపు డబ్బు కట్టకపోతే హెడ్డాఫీసు వాళ్ళే అమ్మేస్తారు" అన్నాడు.

మార్జిన్ అంటే అప్పుతో షేర్లు కొన్నప్పుడు బ్రోకర్ దగ్గర హామీగా ఉంచాల్సిన మన సొంత డబ్బు; ధర పడితే ఇంకా కట్టాలి. నేను అప్పు పెట్టి కొన్నవి ఒక సిమెంటు కంపెనీ షేర్లు. ఆ రెండు రోజుల్లో ఆ కంపెనీ గురించి ఒక్క చెడ్డ మాట నేను వినలేదు. కానీ నా చేతిలో డబ్బు లేదు. అంతకుముందు వారమే రిలయన్స్ పవర్ ఐపీఓకి (కంపెనీ మొదటిసారి జనానికి షేర్లు అమ్మడం) ఇంట్లో నలుగురి పేర్లతో దరఖాస్తులు పెట్టాను. ఆ ఇష్యూకి 70 రెట్లకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఇప్పటిలా డబ్బు మన ఖాతాలోనే బ్లాక్ అయి ఉండే పద్ధతి అప్పటికింకా రాలేదు. చెక్కు వెళ్ళిందంటే అలాట్‌మెంట్, అంటే ఎవరికెన్ని షేర్లో, తేలేదాకా దాన్ని మర్చిపోవాల్సిందే. దేశమంతా నాలాంటివాళ్ళ డబ్బు అక్కడ ఇరుక్కుంటే, పడుతున్న షేర్లను కొనడానికి ఎవరు మిగులుతారు?

ట్రేడింగ్ మొదలవగానే నా షేర్లు అమ్మేశారు. ఒక దశలో 2,273 పాయింట్లు పడిన సెన్సెక్స్ చివరికి 875 నష్టంతో ముగిసింది. సాయంత్రం అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ వడ్డీ రేటు 0.75 శాతం తగ్గించింది, అంటే అప్పు డబ్బు చవకైంది. మర్నాడు సెన్సెక్స్ 864 పెరిగింది. ఒక్క రాత్రిలో కంపెనీలేమీ బాగుపడలేదు కదా!

ఇక టీవీ నిపుణులు. సరిగ్గా 21 నుంచి 23 దాకా ఫ్రాన్స్‌లో సొసైటీ జనరల్ బ్యాంకు, తన ట్రేడర్ ఒకడు అనుమతి లేకుండా తీసుకున్న భారీ పొజిషన్లను (మార్కెట్ మీద కాసిన పందేలను) గుట్టుగా వదిలించుకుంటోంది. 490 కోట్ల యూరోల నష్టమని 24న గానీ చెప్పలేదు. మనవాళ్ళు మాత్రం 22 ఉదయమే కారణాలన్నీ తేల్చి చెప్పారు. ఆ మాటలు నమ్మి అమ్ముకున్నవాళ్ళను తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

వార్తతో పడడమంటే సత్యం కంప్యూటర్స్ కంపెనీది. 2009 జనవరి 7న, లెక్కలు తప్పుగా చూపించామని ఒప్పుకుంటూ దాని ఛైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరం బయటికొచ్చాక షేరు ఒక్కరోజులో దాదాపు 78 శాతం పోయింది. లెక్కలే అబద్ధమని తేలాక ఎంత డబ్బు తెచ్చి పోసినా ఆ ధర నిలిచేది కాదు. నా సిమెంటు షేరు సంగతి అది కాదు.

ఆ ఉదయం నా పక్కన కూర్చున్న రిటైర్డ్ లెక్చరర్ గారి దగ్గరా అదే షేరు ఉంది. ఆయన అప్పు లేకుండా కొన్నారు. ఆయన్ను ఎవరూ ఏమీ అడగలేదు. పన్నెండింటికి లేచి భోజనానికి ఇంటికి వెళ్ళిపోయారు.