కొత్త మోడల్ కొనబోయే మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

రేణిగుంట విమానాశ్రయం నుంచి యాత్రికులను కొండకు తీసుకెళ్లడానికి ఖరీదైన సెడాన్ కొనబోతున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. కానీ సరికొత్త మోడల్‌లో తిరుపతికి వచ్చే మొదటి బండి నీదే కావాలని పట్టుబట్టావట. అక్కడ కాస్త ఆగు.

కంపెనీలు సాధారణంగా ఒక తరం కారును ఆరేడేళ్లు అమ్ముతాయి. మూడు నాలుగేళ్లకు ఫేస్‌లిఫ్ట్ పేరుతో మళ్లీ విడుదల చేస్తాయి. జనం చూసేది కొత్త దీపాలు, కొత్త గ్రిల్. వర్క్‌షాపులో బతికినవాళ్లం మేము చూసేది వేరు. ఈ మూడేళ్లలో వారంటీ కింద వచ్చిన ఫిర్యాదులు ఇంజనీర్ల దాకా వెళ్లి ఉంటాయి. ఏది ఉంచారు, ఏది మార్చారు, ఏది తీసేశారు అన్నదే కారు గురించి అసలు సంగతి చెబుతుంది.

2018లో వచ్చిన, టొయోటా వారి ఖరీదైన సెడాన్ లెక్సస్ ఈఎస్‌లో తెరను టచ్‌ప్యాడ్‌తో నడపాల్సి వచ్చేది. దానిమీద చాలామంది విసుక్కున్నారు. 2021 ఫేస్‌లిఫ్ట్‌లో టచ్‌స్క్రీన్ పెట్టి, డ్రైవరుకు దగ్గరగా జరిపారు. దాని 300హెచ్ రకంలోని, పెట్రోలుకు కరెంటు మోటారు తోడుండే రెండున్నర లీటర్ల హైబ్రిడ్ ఇంజన్‌ను మాత్రం అలాగే ఉంచారు. ఆ ఇంజన్ కుటుంబం అంతకు ముందే టొయోటా క్యామ్రీలో రోడ్డెక్కింది. హైబ్రిడ్ పద్ధతి 1997 నాటి ప్రియస్ నుంచి నలుగుతూ వచ్చింది. ఈ నిదానాన్ని పిరికితనం అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను.

అలాగని కొత్తదనానికి నేను శత్రువును కాను. 1978లో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లో గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పెట్టింది. అది పాడైనా మామూలు బ్రేకు పనిచేస్తూనే ఉంటుంది. పాతదాన్ని తీసేయలేదు, దానికి తోడు నిలిచింది. అదే కంపెనీ 2001లో ఎస్‌ఎల్‌లో, తర్వాత ఈ-క్లాస్‌లో కరెంటు సంకేతాలతో నడిచే బ్రేకు తెచ్చింది. అది మొరాయిస్తే మిగిలేది ముందు చక్రాలకు మాత్రమే పనిచేసే హైడ్రాలిక్ దారి. పెడల్ గట్టిగా, లోతుగా తొక్కాలి, బండి ఆగడానికి దూరం పెరుగుతుంది. 2004లో సుమారు 6 లక్షల 80 వేల కార్లను వెనక్కి పిలిపించారు. 2006 ఫేస్‌లిఫ్ట్‌తో ఈ-క్లాస్ మళ్లీ మామూలు హైడ్రాలిక్ బ్రేకుకే వచ్చింది. అంత పెద్ద కంపెనీ తన గొప్పను పక్కనపెట్టి వెనక్కి తగ్గడం నాకు గౌరవంగానే అనిపించింది.

అందుకే షోరూంలో ప్రతి కొత్త సదుపాయం దగ్గరా ఇదే అడుగు: ఇది ఆగిపోతే బండి నన్ను ఇంటికి చేరుస్తుందా?

స్ప్రింగులకు బదులు గాలి తిత్తులమీద బండిని నిలిపే ఎయిర్ సస్పెన్షన్ మెత్తగా ఉంటుంది, నిజమే. రబ్బరు తిత్తి పగిలి గాలి పోతే మాత్రం బండి ఆ మూల కూలబడుతుంది. మలుపు మలుపుకూ బరువు ఒక పక్కకు వాలే ఘాట్ రోడ్డులో రోజూ తిరిగే బండికి ఉక్కు స్ప్రింగులున్న రకమే తీసుకో. ఏసీ మీటలన్నీ తెరలోనే ఉంటే వద్దు. మే నెల తిరుపతి ఎండలో తెర మొరాయిస్తే వెనక సీట్లో పెద్దవాళ్లు కూర్చోలేరు.

హైబ్రిడ్ తీసుకుంటే డ్రైవరుకు ఒకటి నేర్పించు. 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు బ్రేకు వేసిన ప్రతిసారీ బ్యాటరీ నిండుతుంది. అది పూర్తిగా నిండాక కరెంటు బ్రేకు సాయం తగ్గి, ఇంజన్ మోత పెరుగుతుంది. అది చెడిపోయిన శబ్దం కాదు; ఇంజనే బండిని పట్టి ఆపుతోంది. కంగారుపడి పెడల్‌ను అదేపనిగా తొక్కి ప్యాడ్లు కాల్చుకోవద్దని చెప్పు.

నా మాట వింటే, ఫేస్‌లిఫ్ట్ వచ్చి ఏడాది దాటిన మోడల్ చూడు. సర్వీసు కోసం చెన్నైకో బెంగళూరుకో పోవాల్సి వస్తే, అక్కడ ముఖ్యమైన విడిభాగాలు నిల్వ ఉంటాయా, లేకపోతే ఎన్ని రోజుల్లో తెప్పిస్తారు, అప్పటిదాకా మారు బండి ఇస్తారా అన్నవి కాగితం మీద రాయించుకో. ఆ కాగితం నాకు చూపించాకే అడ్వాన్సు కట్టు.

ఆశీస్సులతో,
మామయ్య