రాయి చెక్కించే ముందు

చిరంజీవి అమ్మడికి,

పెదనాన్న ఆశీస్సులు. నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. మీ కాలేజీలో పాత ఆటగాళ్ళకీ స్టాఫ్‌కీ హాల్ ఆఫ్ ఫేమ్ పెడుతున్నారనీ, ఆ పని ప్రిన్సిపాల్ గారు నీ నెత్తిన వేశారనీ చెప్పాడు. పీడీగా (ఫిజికల్ డైరెక్టరుగా) చేరి రెండేళ్ళు నిండకుండానే నిన్ను నమ్మి అప్పగించారంటే ఛాతీ ఉప్పొంగిందనుకో. ఆ వెంటనే "గ్రానైట్‌కి ఆర్డరు కూడా ఇచ్చేశార్ట" అన్నాడు. ఇంక నిద్ర పట్టలేదు. ముందు ఆ ఆర్డరు ఆపించి, తర్వాత ఈ ఉత్తరం మిగతాది చదువు.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తా. కమిటీలో ఏడుగురు చాలు. నువ్వు, ప్రిన్సిపాల్ గారు, రిటైరైన పీడీ ఒకరు, లైబ్రేరియన్, ఆఫీసు సూపరింటెండెంట్ (రికార్డు రూము తాళం ఆయన దగ్గరే ఉంటుంది కనక), పూర్వ విద్యార్థులు ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరు ఆడమనిషై ఉండాలి. విరాళం ఇచ్చినవాళ్ళకు వేరే పలక పెట్టు గానీ కమిటీలో కుర్చీ వెయ్యకు. అర్హతలు నామినేషన్లు పిలవకముందే కాయితం మీద పెట్టి అందరి చేతా సంతకాలు చేయించు. పేర్లు వచ్చాక రాసే నిబంధన ఎవరో ఒకరి కొలతకు కుట్టిన చొక్కా అవుతుంది. కాలేజీ వదిలి పదేళ్ళు కానివాళ్ళను ఇప్పుడే తీసుకోకు. ఒకసారి ఎక్కించిన పేరు తీసెయ్యాల్సి వస్తే ఎలాగో కూడా అందులోనే రాయి. ఇబ్బందిగా ఉంటుంది, అయినా రాయి.

మొదటి ఏడు ఐదుగురు, మహా అయితే ఆరుగురు. అమెరికాలో బేస్‌బాల్ వాళ్ళంతటి వాళ్ళే 1936లో తమ హాల్ ఆఫ్ ఫేమ్‌కి తొలి విడత ఎన్నుకున్నది ఐదుగుర్ని. నూటికి 75 ఓట్లు పడితేనే లోపలికి అని గీత గీసుకున్నారు. ఆ లెక్కన మీ ఏడుగురిలో ఆరుగురు ఒప్పుకోవాలి. ఒకేసారి నలభై మందికి శాలువాలు కప్పితే అది సన్మానం కాదు, రేషను పంపకం.

ఒలింపిక్స్‌లో ఉన్న ఆటలే ఆటలనుకునేవాళ్ళు కమిటీలో తప్పకుండా ఒకరుంటారు. వాళ్ళకు జమ్మలమడక పిచ్చయ్య గారిని గుర్తు చెయ్యి. ఆయనకు 1970లో అర్జున అవార్డు వచ్చింది బాల్ బ్యాడ్మింటన్‌కి. ఆ పసుపుపచ్చ ఊలు బంతిని ఇవ్వాళ మీ స్టోర్ రూములో వెతికినా దొరకదేమో గానీ, మన కాలేజీల్లో ఒకప్పుడు సాయంత్రం కోర్టు ఖాళీగా ఉండేది కాదు.

ఇక రికార్డులు. కప్పు మీద కెప్టెన్ పేరే ఉంటుంది, జ్ఞాపకంలో స్టార్ ఆటగాడే ఉంటాడు. జట్టంతా ఉండేది అక్విటెన్స్‌లో. టోర్నమెంటుకి డీఏ (రోజువారీ భత్యం) పంచినప్పుడు ఒక్కొక్కరి చేతా సంతకం తీసుకునేవాళ్ళు చూడు, ఆ కాయితాలు. వెళ్ళనివాడు సంతకం పెట్టడు, వెళ్ళినవాడు డబ్బు వదులుకోడు. అవి దొరక్కపోతే రైల్వే కన్సెషన్ ఫారాల కార్బన్ కాపీలు చూడు, తర్వాత కాలేజీ మేగజైన్లు. పేరు ఖాయం చేసుకోవడానికి మాత్రం అడ్మిషన్ రిజిస్టరే. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న సత్యనారాయణలు ఒక్క బ్యాచ్‌లో ముగ్గురుంటారు మనకి, తండ్రి పేరు చూస్తే గానీ తేలరు. ఆడపిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త. సర్టిఫికెట్ మీద పుట్టింటి ఇంటిపేరు, ఇవాళ ఫోన్ నంబరు పక్కన అత్తింటి ఇంటిపేరు. ఒక్క మనిషిని ఇద్దరనుకుని, ఇద్దరూ దొరకలేదని రాసేస్తారు. పలక మీద ఏ పేరు ఉండాలో ఆవిడనే అడుగు. నీకు నువ్వుగా నిర్ణయించకు.

సౌత్ జోన్ ఇంటర్ యూనివర్సిటీ పోటీల్లో ఆడేది యూనివర్సిటీ జట్టు. అందులో మన పిల్లలు ఇద్దరో ముగ్గురో ఉంటారు. "మా కాలేజీ గెలిచింది" అని రాశావో, పక్క కాలేజీ వాళ్ళు మర్నాడే ఉత్తరం రాస్తారు. స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి పెట్టుకున్న ఫారం-3 చాలామంది ఇళ్ళల్లో భద్రంగా ఉంటుంది. దాని మీద టోర్నమెంటు, ఏడాది, స్థానం, యూనివర్సిటీ వాళ్ళ సంతకం అన్నీ ఉంటాయి. జిరాక్స్ అడిగితే కాదనరు. 1974-75 అనేది చదువుల ఏడాది, ఆట జరిగింది 74 డిసెంబరా, 75 జనవరా చూసుకో.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. పేరు చెప్పను, ఒక కాలేజీ. ఇలాగే హడావుడిగా పెవిలియన్ గోడకు నల్ల గ్రానైట్ వేయించింది. ఇంటర్ కాలేజియేట్ గెలిచిన బాల్ బ్యాడ్మింటన్ జట్టు గ్రూప్ ఫోటోను లేజర్‌తో రాయి మీద చెక్కించి, ఒక్కో ముఖం కింద పేరు వేయించింది. పాత ప్రింటు పాడైపోతే స్టూడియోలో నెగెటివ్ దొరికిందని సంబరపడ్డారు. ఆ స్టూడియో అబ్బాయి నెగెటివ్‌ను ఎన్‌లార్జర్‌లో (నెగెటివ్ నుంచి పెద్ద ప్రింటు తీసే యంత్రంలో) తిరగేసి పెట్టాడు. ఎడమ కుడైంది, కుడి ఎడమైంది. పేర్లు మాత్రం మేగజైన్‌లో ఉన్నట్టే ఎడమ నుంచి కుడికి దింపారు. కుర్చీలు ఐదు, మధ్యలో ప్రిన్సిపాల్. ఫోటోను ఎటు తిప్పినా ఆయన మధ్యలోనే ఉంటాడు. ప్రూఫ్ వచ్చినప్పుడు అందరూ చూసింది ఆయన పేరు ఒక్కటే. సరిగ్గా ఉంది, సంతకాలు పెట్టేశారు. ఆ సంతకాల్లో మీ పెదనాన్నది కూడా ఒకటి.

కెప్టెన్ ముఖం కింద వైస్ కెప్టెన్ పేరు, పీడీ గారి ముఖం కింద జట్టుతో మేనేజరుగా వెళ్ళిన లెక్చరర్ పేరు. వెనక నిలబడ్డ ఎనిమిది మందిలో ఒక్కరికీ తన పేరు తనకు దక్కలేదు. అంతేనా? వెనక వరసలో నిజానికి ఉన్నది తొమ్మిది మంది. చివరాయన మార్కర్, అంటే మైదానంలో కోర్టుల గీతలు గీసే ఆయన. మేగజైన్‌లో ఆయన పేరు వెయ్యలేదు. పేర్లు ఎనిమిది, మనుషులు తొమ్మిది ఎందుకయ్యారని ఎవరూ అడగలేదు. ఎక్కువైన మనిషిని కత్తిరించేస్తే లెక్క కుదిరింది, అంతే. ఆ తొమ్మిదో మనిషి ఎవరని వాకబు చేసి ఉంటే మేగజైన్‌లో అచ్చైన ఫోటో పక్కన పెట్టి చూసేవాళ్ళు. మార్కర్ ఇందులో ఈ చివర, అందులో ఆ చివర ఎందుకున్నాడని తప్పు అక్కడే దొరికేది. అదీ అక్కర్లేదు, బ్లేజరు చూసినా చాలు. బ్యాడ్జి ఉండే పై జేబు ఎప్పుడూ ఎడమ ఛాతీ మీదే ఉంటుంది. ఆ రాయి మీద అందరికీ కుడివైపు ఉంది.

ఆవిష్కరణ నాడు, పోయిన ఆటగాడి భార్య వచ్చింది. మనవడి చెయ్యి పట్టుకుని మెట్లెక్కి, రాయి మీద భర్త ముఖాన్ని వేలితో తడిమింది. చదువుకున్న మనిషే. కింద పేరు చదివింది. మళ్ళీ చదివింది. ఏమీ అనలేదు. భోజనానికి ఉండకుండా వెళ్ళిపోయింది. గ్రానైట్ మీద అక్షరం దిద్దడం కుదరదు, పలక మొత్తం మార్చాలి. ఆ ఏడు దానికి డబ్బు లేదన్నారు, మరుసటి ఏడు సంగతే మర్చిపోయారు.

అందుకే చెబుతున్నా, మొదటి మూడేళ్ళు రాయి వద్దు. ఇత్తడివో యాక్రిలిక్‌వో విడివిడి పలకలు, నాలుగు మూలలా స్క్రూలతో. తప్పు తేలితే ఒక్క పలక విప్పి మార్చుకోవచ్చు. ఫోటోలకు ఒరిజినల్ ఎప్పుడూ గోడ మీద పెట్టకు. 600 డీపీఐలో స్కాన్ చేయించి ప్రింటు పెట్టు, ఒరిజినల్ వాళ్ళింటికి పంపెయ్యి. వెనక పెన్సిల్‌తో రాసిందేమైనా ఉంటే అదీ స్కాన్ చెయ్యి. పడమటి ఎండ తగిలే వరండా వద్దు. ఫ్రేముకీ గోడకీ మధ్య చెక్క రీపరు వేసి వేలెడు సందు ఉంచు. వానాకాలం గోడ చెమ్మ నేరుగా ఫోటోకి ఎక్కుతుంది.

తెలుగు పేర్లు డీటీపీ షాపులో చేయిస్తావు కదా. అక్కడ అను ఫాంటులో చక్కగా కనిపించింది, పలక చేసేవాడి కంప్యూటర్లో తెరిచేసరికి ఒత్తులు ఎగిరిపోతాయి. ఫైలు కర్వ్స్‌లోకి (అక్షరాలు బొమ్మ గీతలయ్యేలా) మార్చి ఇమ్మను. తయారయ్యాక తెర మీద కాదు, కాయితం మీద ప్రింటు తీసి ఆ ఇంటివాళ్ళ చేత పైకి చదివించు. ప్రశంస అరవై మాటలు దాటనివ్వకు. ఆట, ఏళ్ళు, టోర్నమెంటు, ఏం సాధించారు, అంతే. "క్రీడామతల్లి ముద్దుబిడ్డ" లాంటివి రాశావంటే నేనే వచ్చి చెరిపేస్తా.

స్టాఫ్‌కి వేరే విభాగం పెట్టు. పెట్టకపోతే ఆటగాళ్ళ పతకాల ముందు వాళ్ళు ప్రతి ఏడూ ఓడిపోతారు. రహీం సాహెబ్‌నే చూడు. హైదరాబాదులో బడిపంతులుగా పనిచేసిన మనిషి. 1951లోనూ 1962లోనూ ఏషియాడ్ ఫుట్‌బాల్ స్వర్ణం మనకొచ్చింది ఆయన కోచింగ్‌లోనే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం కూడా. ఆయన 1963లో పోయారు. కోచ్‌లకు ద్రోణాచార్య అవార్డు మొదలైంది 1985లో. అంతటివాడికే అలా అయితే, పొద్దున్నే సున్నం కలిపి 13 మీటర్లు, 10 మీటర్లు తాడు పట్టి కబడ్డీ కోర్టు గీసిన మార్కర్‌ని ఎవరు తలుచుకుంటారు? స్టాఫ్‌లో మాత్రం బతికున్నవాళ్ళే ముందు. పోయినవాళ్ళు ఏమీ అనుకోరు, ఒక ఏడు ఆగుతారు.

సభ సంక్రాంతి రోజుల్లో పెట్టుకో. అందరూ ఎలాగూ ఊరికొస్తారు, ఎండ బాధా ఉండదు. పిలుపు వాట్సాప్‌లో కాదు, ఫోన్ చేసి. డెబ్భై దాటినవాళ్ళకు కారు పంపు. వాళ్ళను స్టేజీ మెట్లు ఎక్కించకు, కిందే ముందు వరసలో కూర్చోబెట్టి ముఖ్య అతిథినే దిగి రమ్మను. షుగరున్నవాళ్ళే ఎక్కువ కాబట్టి భోజనం ఒంటిగంట దాటనివ్వకు, మంత్రిగారు వచ్చినా రాకపోయినా. పనుల్లో పడి నీ మోకాలికి బ్యాండేజీ కట్టుకోవడం మానెయ్యకు. ఆ రోజంతా నిలబడే ఉంటావు, నాకు తెలుసు.

మీ కాలేజీలో చాలా ఏళ్ళు మార్కర్‌గా చేసినాయన ఇంకా ఉన్నారట, మీ నాన్న చెప్పాడు. ఎనభై దాటాయి. కమిటీ తీర్మానం అదీ ఇదీ అని చూడకు, ఈ ఆదివారమే వెళ్ళు. పాత గ్రూప్ ఫోటోలు అన్నీ తీసుకెళ్ళి, ఎవరు ఎవరో ఆయన చేతే చెప్పించి రాసుకో. ఫోన్‌లో చూపించకు తల్లీ, ఆయనకు ఆనదు. పెద్ద సైజు ప్రింట్లు తీయించు.

ఇట్లు,
మీ పెదనాన్న