110 రీలు పట్టే బుల్లి ప్లాస్టిక్ కెమెరా ఇప్పుడు పనికొస్తుందా?

మీ ప్రశ్న ఇదీ: మీ మామయ్య ఎప్పుడో గల్ఫ్ నుంచి తెచ్చిన చిన్న ప్లాస్టిక్ కెమెరా బీరువాలో దొరికింది, లోపల 110 అని ఉంది, బటన్ నొక్కితే క్లిక్‌మనడం లేదు. పాడైందా, రీలు దొరుకుతుందా అని అడిగారు. అలాంటిదే ఒకటి నా దగ్గర ఉంది, ఇప్పటికీ వాడుతున్నాను కాబట్టి రాస్తున్నా.

పాడైందని అప్పుడే తేల్చేయకండి. ఈ కెమెరాల్లో చాలావాటికి లోపల రీలు లేకపోతే షట్టర్, అంటే ఫిల్ముకి వెలుతురు తగిలేలా తెరుచుకుని మూసుకునే తెర, పని చేయదు. 110 ఫిల్ము వెడల్పు 16 మిల్లీమీటర్లు, ఒక్కో ఫోటోకి అంచున ఒక్కటే రంధ్రం. మనం చక్రం తిప్పుతుంటే కెమెరాలోని చిన్న కొక్కెం ఆ రంధ్రంలో పడుతుంది. ఫిల్మును ఆపేదీ అదే, షట్టర్‌ను బిగించేదీ అదే. ఖాళీ కెమెరాలో దానికి రంధ్రం ఎక్కడ దొరుకుతుంది? వెనక మూత తీసి, ఫిల్ము కూర్చునే చోట అంచున పొడుచుకొచ్చిన ఆ కొక్కేన్ని టూత్‌పిక్‌తో మెల్లగా పక్కకి జరపండి. టిక్‌మని బిగుసుకుంటే లెన్స్‌ని కిటికీ వైపు తిప్పి, వెనక నుంచి చూస్తూ బటన్ నొక్కండి. వెలుతురు ఒక్కసారి తళుక్కుమంటే కెమెరా బాగున్నట్టే. నాది కూడా చచ్చిపోయిందనుకుని పిల్లల బొమ్మల బుట్టలో పడేశారు మా ఇంట్లో. బ్యాటరీ అక్కర్లేని కెమెరా కావడంతో ఈ పరీక్షలో పాసైపోయింది.

రీలు సంగతి. కొడాక్ 1972లో పాకెట్ ఇన్‌స్టామాటిక్ కెమెరాలతో పాటు ఈ ఫిల్మును తెచ్చింది. మామూలు 35 ఎంఎం రీళ్లలా తోక లాగి పళ్లకి తగిలించడం, చివర్లో వెనక్కి చుట్టడం ఏమీ ఉండవు. ప్లాస్టిక్ డబ్బాని అలాగే లోపల పెట్టి మూత వేస్తే సరి. ఎన్నో ఫోటో అన్నది వెనక కిటికీలోంచి కాగితం మీద కనిపిస్తుంది. హోల్గా మైక్రో లాంటి మరీ బుల్లి రకాలకైతే వీపే ఉండదు, రీలు డబ్బాకే లెన్స్ ముక్కని తగిలిస్తారు. 2009 నాటికి ఫ్యూజీ కూడా 110 తయారీ మానేసింది. కొన్నేళ్లకి లోమోగ్రఫీ అనే కంపెనీ వాళ్లు మళ్లీ మొదలుపెట్టారు: కలర్‌లో టైగర్, ఐఎస్ఓ (వెలుతురుకి ఫిల్ము ఎంత చురుగ్గా స్పందిస్తుందో చెప్పే అంకె) 200, బ్లాక్ అండ్ వైట్‌లో ఓర్కా, ఐఎస్ఓ 100. ఒక్కో డబ్బాలో 24 ఫోటోలు. మన దగ్గర మామూలు షాపుల్లో ఆశ పెట్టుకోకండి, ఆన్‌లైన్‌లో వెతుక్కోవాలి. పాత డబ్బాలు చవగ్గా అమ్ముతుంటారు గానీ, మన ఎండలకి బీరువాల్లో మగ్గిన కలర్ ఫిల్ము మీద నేనైతే డబ్బు పెట్టను.

ఫోటోలు ఎలా వస్తాయి? నెగటివ్ సైజు 13×17 మిల్లీమీటర్లు, అంటే 35 ఎంఎం నెగటివ్‌లో దాదాపు పావు వంతు. మామూలు 4×6 ప్రింటు కావాలంటే దాన్ని సుమారు తొమ్మిది రెట్లు పెంచాలి. కాబట్టి గింజలు గింజలుగా, అంచులు మసగ్గా వస్తాయి. నాకు అదే నచ్చుతుంది, మీకు నచ్చకపోవచ్చు. షట్టర్ వేగం ఒక్కటే, ఫోకస్ కూడా మార్చలేం. మిట్టమధ్యాహ్నం ఎండలో, మనిషిని రెండు మీటర్ల దూరంలో నిలబెడితే బ్రహ్మాండం. సాయంత్రం దాటాక, ఇంట్లో, ఫంక్షన్ హాల్లో తీస్తే రీలు దండగ. ఎవరి పెళ్లికైనా ఇదొక్కటే పట్టుకెళ్దామనుకుంటే మాత్రం వద్దు.

ఇంకొకటి: అగ్గిపెట్టె అంత తేలిక కావడంతో బటన్ నొక్కగానే కెమెరా మొత్తం కిందికి ఊగుతుంది. దాన్ని కణతకి ఆనించి, బటన్ మీద వేలు నెమ్మదిగా బిగిస్తే చాలా తేడా ఉంటుంది. వెనక కిటికీ మీద నల్ల టేపు వేసి, చక్రం తిప్పేటప్పుడు మాత్రం తీయండి. ఆ టేపు తీసేటప్పుడు నీడలో నిలబడండి, కిటికీ మీద ఎండ నేరుగా పడకూడదు.

అసలు టెన్షన్ రీలు కడిగించడం దగ్గరే. కలర్ 110కి వాడేది మామూలు కలర్ రీళ్లు కడిగే సి-41 మందులే, 38 డిగ్రీలు, డెవలపర్‌లో 3 నిమిషాల 15 సెకన్లు. చిక్కంతా వెడల్పుతోనే. నేను మొదట వెళ్లిన ల్యాబ్ వాళ్లు "ఇది మా మెషీన్‌లో పట్టదండీ" అని తిప్పి పంపేశారు. రీలు ఆర్డర్ పెట్టేముందే, 16 ఎంఎం ఫిల్ము చేత్తో కడుగుతారా, స్కాన్ కూడా చేసిస్తారా అని ల్యాబ్‌కి ఫోన్ చేసి అడగండి. రెండో ప్రశ్న మర్చిపోవద్దు. కడిగినా స్కానర్‌లో పెట్టే ఫ్రేము లేదనేవాళ్లు ఉంటారు.

చివరికి నేను బ్లాక్ అండ్ వైట్‌కి మారిపోయి, ఇంట్లోనే కడుక్కుంటున్నాను. చిమ్మచీకట్లో డబ్బాని మధ్యలో విరిచి, నల్ల కాగితం నుంచి ఫిల్మును వేరు చేసి, 16 ఎంఎంకి సరిపోయే స్పైరల్‌కి (కడిగేటప్పుడు ఫిల్మును చుట్టి ఉంచే చక్రం) ఎక్కించాలి. సాధారణంగా దొరికే స్పైరల్ 35 ఎంఎం కంటే తగ్గదు, కొనేముందు చూసుకోండి. స్కానర్ లేకపోయినా ఫర్వాలేదు. తెల్లటి లైట్ ప్యానెల్ మీద నెగటివ్ పరిచి, పక్కల నుంచి వెలుతురు రాకుండా నల్ల అట్ట కత్తిరించి కప్పి, మరీ దగ్గర నుంచి తీసే మాక్రో లెన్స్‌తో ఫోటో తీసి కంప్యూటర్లో రంగులు తిరగేస్తాను. ఆ అట్టకి 13×17 కంటే ఒక్క మిల్లీమీటరు ఎక్కువ కన్నం పెట్టండి, ఫ్రేము అంచులు కూడా వస్తాయి.