ఎడ్వర్డ్ జేమ్స్ ఓల్మోస్ ఎవరు? ఆయన కెరీర్ గురించి చెప్తారా?

బ్లేడ్ రన్నర్ అనే హాలీవుడ్ సినిమాలో కాగితాలు మడిచి బొమ్మలు చేసే పోలీసాయన గుర్తున్నాడా, ఆయనే. 1947లో ఈస్ట్ లాస్ ఏంజిలెస్‌లో మెక్సికన్ కుటుంబంలో పుట్టాడు, చిన్నప్పుడు బేస్‌బాల్ పిచ్చి, కుర్రాడయ్యాక రాక్ బ్యాండ్‌లో పాటలు, యాక్టింగ్ ఆ తర్వాతే.

అసలు బ్రేక్ ఇచ్చింది నాటకం. 1978లో లూయిస్ వాల్డెజ్ రాసిన జూట్ సూట్‌లో ఎల్ పచూకో వేషం వేశాడు. 1942లో ఒక హత్య కేసులో మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్లని గుంపుగా ఇరికించి జైలుకి పంపారు కదా, ఆ నిజం కేసే కథకి ఆధారం. పచూకో కథ నడిపిస్తాడు, హీరోకి మాత్రమే కనపడి వాడితో వాదిస్తాడు, పొడవాటి కోటు, టోపీ, వెనక్కి వాలి నిలబడే ఆ స్టైల్ చూస్తే కళ్లు తిప్పుకోలేం. ఆ నాటకం న్యూయార్క్‌లోని పెద్ద నాటకశాలల వీధి బ్రాడ్‌వేకి వెళ్లింది, ఆయనకి టోనీ (అమెరికా నాటకరంగ అవార్డు) నామినేషన్ వచ్చింది, 1981లో సినిమాగా కూడా తీశారు, అందులోనూ ఈయనే.

తర్వాత మయామీ వైస్ టీవీ సీరియల్‌కి ఎమ్మీ (టీవీ అవార్డు) కొట్టాడు. 1988లో స్టాండ్ అండ్ డెలివర్ సినిమాలో ఈస్ట్ లాస్ ఏంజిలెస్ పేద పిల్లలకి కాలిక్యులస్ నేర్పిన లెక్కల మాస్టారు హైమే ఎస్కలాంటేగా చేశాడు, దానికోసం బరువు పెరిగాడు, జుట్టు పల్చన చేయించుకున్నాడు, బెస్ట్ యాక్టర్‌గా ఆస్కార్ నామినేషన్ వచ్చింది. నా దృష్టిలో ఆయన బెస్ట్ వర్క్ ఇదే.

1992లో లాస్ ఏంజిలెస్ అల్లర్లప్పుడు చీపురు పట్టుకుని వీధులు ఊడ్చాడు, జనం కూడా వచ్చి కలిశారు. ఈ తరంవాళ్లకి మాత్రం బ్యాటిల్‌స్టార్ గలాక్టికా అనే సైన్స్ ఫిక్షన్ టీవీ సీరియల్‌లో కమాండర్ అడామాగానే ఎక్కువ తెలుసు.