స్కూటర్‌కి సైడ్ వీల్స్ వేయిస్తే పడిపోయే భయం పోతుందా?

మీ నాన్నగారికి 64 ఏళ్లని, ఎడమ మోకాలు పట్టేయడంతో సిగ్నల్ దగ్గర యాక్టివా రెండుసార్లు పక్కకి ఒరిగిపోయిందని రాశారు. సైడ్ వీల్స్, అంటే వెనక చక్రానికి అటూ ఇటూ బిగించే అదనపు చక్రాలు వేయిస్తే క్షేమమేనా, నడిపే సరదా పోతుందా అని అడిగారు. బండి ఆపినప్పుడు, నెమ్మదిగా యూటర్న్ తిప్పేటప్పుడు, వాన బురదలో పక్కకి పడటం దాదాపుగా ఉండదు. కానీ మలుపులో బోల్తా పడే ప్రమాదం కొత్తగా వచ్చి చేరుతుంది.

రెండు చక్రాల బండి మలుపులో లోపలికి వాలి నిలబడుతుంది. 15 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపుని గంటకు 30 కి.మీ. వేగంతో తిరిగితే వాలు సుమారు 25 డిగ్రీలు. పొడి తారు రోడ్డు మీద స్కూటర్‌కి అదేం కష్టం కాదు. సైడ్ వీల్స్ ఉన్న బండి అలా వాలదు. అదే మలుపులో, అదే వేగంలో బండిని బయటికి నెట్టే బలం మొత్తం బరువులో దాదాపు సగం ఉంటుంది. పక్క చక్రాల మధ్య 80 సెం.మీ. దూరం ఉండి, మనిషితో కలిపి గరిమనాభి (బరువంతా ఒకచోటే ఉన్నట్టు లెక్కించే బిందువు) నేలకి 65 సెం.మీ. ఎత్తున ఉందనుకోండి. ముందు ఒకటే చక్రం కాబట్టి, ఆ బలం బరువులో మూడో వంతు దాటగానే లోపలి చక్రం గాల్లోకి లేస్తుంది. 20 కి.మీ. వేగంలో అయితే అది ఐదో వంతే, భయం లేదు. పది కిలోమీటర్ల తేడాలోనే అంతా ఉంది. పైగా మలుపులో బ్రేక్ వేస్తే బరువు ముందున్న ఒంటి చక్రం మీదికి జారి బోల్తా ఇంకా తేలికవుతుంది. వేగం ఎప్పుడూ మలుపుకి ముందే తగ్గించాలి.

అంతకంటే పెద్ద చిక్కు పాత అలవాటు. కాస్త వేగంలో స్కూటర్‌ని ఎడమకి తిప్పడానికి మనం తెలియకుండానే ఎడమ హ్యాండిల్‌ని ముందుకి నెడతాం, బండి ఎడమకి వాలుతుంది. సైడ్ వీల్స్ బండిలో అదే పని చేస్తే కుడికి, అంటే ఎదురొచ్చే బళ్ల మీదికి వెళ్తుంది. ఎటు తిరగాలో అటు హ్యాండిల్‌ని చేతులతో లాగి తిప్పాలి, ఒంటిని మలుపు లోపలివైపు వంచాలి. నలభై ఏళ్లు స్కూటర్ నడిపినవాళ్లకే ఇది ఎక్కువ కష్టం. ఇంకో అలవాటు, ఆగగానే కాలు కింద పెట్టడం. బండి ఇంకా కదులుతుంటే పక్క చక్రం మడమ మీదికి ఎక్కేస్తుంది. కాళ్లు ఫుట్‌బోర్డు మీదే ఉండాలి.

బిగింపులో చూడాల్సింది ముఖ్యంగా బ్రాకెట్. అది ఛాసిస్‌కి బోల్టులతో బిగించాలి, వెల్డింగ్ వద్దు. ఇంజన్ కేసుకి అసలే వద్దు, ఎందుకంటే స్కూటర్‌లో ఇంజను, వెనక చక్రం కలిసి పైకీ కిందికీ ఆడతాయి. పక్క చక్రాలకి స్ప్రింగులు ఉండాలి. ఆ చక్రాలు కదలకుండా గట్టిగా, మరీ కిందికి ఉంటే గుంత వచ్చినప్పుడు అసలు వెనక చక్రం గాల్లో వేలాడుతుంది. బండిని నడిపేది ఆ చక్రమే, వెనక బ్రేక్ పడేదీ దానికే. చాలా కిట్లలో పక్క చక్రాలకి బ్రేకులే ఉండవు. మొదటి 100 కి.మీ. తర్వాత బోల్టులన్నీ మళ్లీ బిగించండి. రోడ్డు ఎడమ అంచుకి వాలుగా ఉన్నచోట హ్యాండిల్ ఎడమకి లాగుతుంది, అక్కడే కుడికి తిరిగితే బోల్తా ఇంకా తొందరగా వస్తుంది. గుంతలు తప్పించడమూ కష్టమే, ఒక జాడ బదులు మూడు జాడలు చూసుకోవాలి.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఈ మార్పు ఆర్‌టీఓ ద్వారా ఆర్‌సీలో ఎక్కించాలి, బీమా కంపెనీకీ తెలపాలి. చెప్పకపోతే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. హెల్మెట్ ఎలాగూ తప్పదు.

సరదా మాటకొస్తే, వాలుతూ తిరగడంలోని హాయి ఇందులో ఉండదు. ముందు రెండు చక్రాలతో వాలే బళ్లు వేరే ఉన్నాయి. 2006లో వచ్చిన పియాజియో ఎంపీ3, 2014లో వచ్చిన యమహా ట్రిసిటీ అలాంటివి. విదేశాల్లో ఉన్న మనవాళ్లు అడిగితే నేను వాటినే చూడమంటాను. తడి రోడ్డు మీద ముందు రెండు టైర్ల పట్టు ఉంటుంది, మలుపులో వాలడమూ ఉంటుంది.

మీ నాన్నగారికి కుడి కాలు బాగుంటే ముందు తేలికైన బండికి మార్చి చూడండి. యాక్టివా వంద కేజీలు దాటుతుంది, టీవీఎస్ ఎక్సెల్ 100 దాదాపు 90 లోపే. ఆగేటప్పుడు కుడి కాలు దించడం అలవాటు చేయించండి. రెండు మోకాళ్లూ ఇబ్బంది పెడుతుంటే సైడ్ వీల్సే నయం, ఊళ్లో 25 కి.మీ. లోపు, ఫ్లైఓవర్ వంపులు లేని దారుల్లో. వేయించాక ఖాళీ మైదానంలో రెండు ఇటుకలు పది మీటర్ల దూరంలో పెట్టి, వాటి చుట్టూ ఎనిమిది అంకెలా వారం రోజులు రోజూ అరగంట, 10 కి.మీ. వేగం దాటకుండా తిప్పించండి. హ్యాండిల్‌ని నెట్టడం పూర్తిగా మాని లాగడం అలవాటయ్యాకే రోడ్డు మీదికి పంపండి. వెనక అమ్మగారిని ఎక్కించుకోవడం ఇంకో రెండు వారాలు ఆగి.