నోజిల్ చుక్కకు జవాబు సీసా మూతలో దొరికింది

“నేను డిజైన్ ఇంజినీర్ని. నా రంగం కాని పేటెంట్లు చదివితే ఉపయోగం ఉంటుందా? చదవబోతే ఆ భాష కొరుకుడు పడటం లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి?” అని అడిగారు.

ఉపయోగం ఉంటుంది, చాలా ఉంటుంది. ముందు నాకు ఎదురైంది చెబుతాను.

మేము ద్రవాన్ని కొలిచి పోసే యంత్రం ఒకటి తయారు చేస్తున్నాం. పంపు ఆగాక నోజిల్ కొసన ఒక చుక్క వేలాడేది. రెండు మూడు సెకన్లు ఊగిసలాడి రాలిపోయేది, దాంతో కొలత తప్పేది. రంధ్రం సన్నం చేశాం. పంపును చివర్లో కాస్త వెనక్కి తిప్పి చూశాం. కొసన చిన్న సోలినాయిడ్ వాల్వు, అంటే కరెంటుతో తెరుచుకుని మూసుకునేది, పెట్టాం. అది చుక్కను ఆపింది కానీ, లోపల ద్రవం గడ్డకట్టి వారం తిరక్కుండానే పూడుకుపోయేది. పేటెంట్లూ వెతికాను. నోజిల్, చుక్క, స్ప్రే, ఇవే మాటలు కొడుతూ పోయాను. పేటెంట్లను రంగాలవారీగా తరగతులుగా విడగొట్టి ఒక్కోదానికి ఒక సంఖ్య ఇస్తారు. నాకు వచ్చినవన్నీ బి05బి తరగతివి, అంటే పిచికారీ పరికరాలవి. వాటిలో ఉన్నవన్నీ మేము అప్పటికే చేసి చూసినవే.

అలా నెలలు గడిచాక మా టీమ్‌లోని పెద్దాయన ఒకరు నన్ను కూర్చోబెట్టి, “నోజిల్ మాట కాసేపు మర్చిపో. ఒత్తిడి ఉంటే తెరుచుకుని, ఒత్తిడి పోగానే తనంతట తానే మూసుకునే వస్తువు ఇంకెవరికి కావాలి?” అని అడిగారు. పిండితే కారే మెత్తటి సీసాలు తయారుచేసేవాళ్లకు కావాలి. వాటి మూతలు ఉండేది బి65డిలో, డబ్బాలూ సీసాలూ మూతల తరగతిలో. ఆ సాయంత్రమే అక్కడ దొరికింది.

బొటనవేలి గోరంత సిలికాన్ పొర. గిన్నెలా లోపలికి వంగి ఉంటుంది. నడుమ ప్లస్ గుర్తులా రెండు గాట్లు. సీసాను పిండితే గిన్నె బయటికి తిరగబడి, గాట్ల అంచులు నాలుగు రేకుల్లా విచ్చుకుంటాయి. వదలగానే పొర మళ్లీ లోపలికి పోతుంది. అలా పోతూ పోతూ చివరి చుక్కను కూడా వెనక్కి లాగేసుకుంటుంది. కరెంటు లేదు, స్ప్రింగు లేదు. పొర మధ్యలో పలచగా, అంచుకు పోయేకొద్దీ మందంగా ఉండటం ఆ పేటెంట్‌లోని అడ్డకోత బొమ్మలో చూశాక, మా గది గోడకు ఆ బొమ్మనే అంటించాను.

అప్పుడు తెలిసింది నాకు, వస్తువు పేరుతో కాదు, అది చేసే పనితో వెతకాలని. ఒకే చిక్కు ఒక్కో రంగంలో ఒక్కో పేరుతో తిరుగుతుంది. గొప్ప పేటెంట్లలో కొన్ని ఇలా గోడ దాటి వచ్చినవే. కార్లలో మూడు చోట్ల బిగించే సీటు బెల్టును రూపొందించిన నిల్స్ బోలిన్, 1958లో వోల్వోకు రాకముందు సాబ్‌లో యుద్ధ విమానాల ఎజెక్షన్ సీట్ల మీద, అంటే ప్రమాదంలో పైలట్‌ను బయటికి విసిరే సీట్ల మీద, పనిచేశాడు. దెబ్బను శరీరం ఎక్కడ తట్టుకుంటుంది, ఎక్కడ తట్టుకోలేదు అన్నది ఆయనకు అక్కడే తెలిసింది. 1942లో నటి హెడీ లమార్, సంగీతకారుడు జార్జ్ ఆంథీల్ ఇద్దరికీ కలిపి వచ్చిన అమెరికా పేటెంట్ 2,292,387 చూడండి. టార్పెడోకు పంపే రేడియో సంకేతాన్ని శత్రువు అడ్డుకోకుండా ఫ్రీక్వెన్సీని గెంతిస్తూ పోవాలి. పంపేవైపూ అందుకునేవైపూ ఒకేసారి మారాలి. దానికి వాళ్లు వాడినది తనంతట తాను వాయించుకునే పియానోలోని చిల్లుల కాగితపు చుట్ట! పియానో మెట్లు 88, అందులో చెప్పిన ఫ్రీక్వెన్సీలూ 88. రేడియో పుస్తకాల్లో మాత్రమే వెతికేవాడికి ఈ ఆలోచన ఎక్కడ తడుతుంది?

ఇక భాష సంగతి. మొదటి పేజీ నుంచి వరసగా చదవకండి, విసుగొస్తుంది. ముందు బొమ్మలు చూడండి. తర్వాత నేపథ్యం అనే భాగం. అంతకుముందున్న పరికరాల లోపాలన్నీ అక్కడ ఏకరువు పెట్టి ఉంటాయి. నాకు అన్నిటికంటే విలువైనది అదే, ఎందుకంటే వేరే రంగంవాళ్లు ఏ దారుల్లో వెళ్లి దెబ్బతిన్నారో అక్కడ తెలుస్తుంది. ఆ తర్వాత చివర ఉండే క్లెయిముల్లో మొదటిది. హక్కు ఎంతవరకో చెప్పేది క్లెయిమే, పైన ఉన్న వివరణ కాదు. మొదటి క్లెయిమును భాగాలుగా విరిచి కాగితం మీద రాసుకోండి. అందులో నాలుగు భాగాలుంటే ఆ నాలుగూ, లేదా వాటికి సరిసమానమైనవీ ఉన్న వస్తువుకే అది సాధారణంగా వర్తిస్తుంది. ఒకటి తీసేసి అదే పని చేయించగలిగితే మీది వేరే దారి.

జేమ్స్ వాట్ చేసింది అదే. స్టీమ్ ఇంజన్‌తో చక్రం తిప్పడానికి క్రాంకు, అంటే ముందుకూ వెనక్కూ కదిలేదాన్ని గుండ్రంగా తిప్పే వంపు కడ్డీ, వాడదామంటే, 1780లో జేమ్స్ పికార్డ్ దాని మీద పేటెంట్ తీసుకున్నాడు. వాట్ 1781లో సూర్యుడి చుట్టూ గ్రహంలా ఒక గేరు చుట్టూ ఇంకో గేరు తిరిగే ఏర్పాటుకు తన పేటెంట్ తీసుకుని ఇంజన్లు నడిపించాడు.

వెతకడానికి యూరప్ పేటెంట్ ఆఫీసువాళ్ల ఎస్పాసెనెట్, గూగుల్ పేటెంట్స్ రెండూ ఉచితమే. దగ్గరగా ఉన్నది ఒక్కటి దొరికితే చాలు, దాని మీద ఉన్న తరగతి సంఖ్య పట్టుకుని పక్కవాటిలోకి వెళ్లండి. మొదటిసారి చదవడానికైతే బోలిన్‌ది, అమెరికా పేటెంట్ 3,043,625 తీసుకోండి. చిన్నది, బొమ్మ చూస్తేనే సగం అర్థమవుతుంది.

ఒక్క జాగ్రత్త. నంబరు చివర ‘ఏ1’ అని ఉంటే అది సాధారణంగా ప్రచురించిన దరఖాస్తు మాత్రమే, మంజూరైనట్టు కాదు. మంజూరైనవాటికి ఇప్పుడు సాధారణంగా ‘బి’ ఉంటుంది. పేటెంట్ గడువు మామూలుగా దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు, ఫీజు కట్టకపోతే ముందే పోతుంది, ఇచ్చిన దేశంలోనే చెల్లుతుంది. పాతది గడువు తీరినా దాని మీద వచ్చిన మెరుగుదల ఇంకా బతికే ఉండొచ్చు. మాకు అలాగే అయింది. సిలికాన్ పొర పేటెంట్ గడువు తీరిపోయింది, దాన్ని మూతలో పట్టి ఉంచే రింగు మీద మాత్రం కొత్తది అమల్లో ఉంది. ఆ క్లెయిములో ఉన్నవి మూడు భాగాలు. మూడోది, రింగు లోపలి గాడి, మాకు అక్కర్లేదని తేలింది. పేటెంట్ న్యాయవాదికి చూపించి, పొర అంచునే నోజిల్ మర కింద నొక్కి బిగించాం. ఆ యంత్రం నోజిల్ కింద ఇప్పుడు తెల్లకాగితం పెట్టినా చుక్క మరక పడదు.