బెండకాయ ఫ్రెష్‌గా, ములక్కాడ ఫ్రీజర్‌లోంచి: కొత్తగా అమెరికా వచ్చినవాళ్లకు కూరగాయల సంగతులు

ఆగస్టులో ఫాల్ సెమిస్టర్ మొదలయ్యే రోజుల్లో మా కాన్సస్ సిటీ చుట్టుపక్కల తెలుగు పిల్లలు ఏటా అడిగే సందేహం ఇది: "ఫ్రోజెన్ కూరగాయలు రోజూ తినొచ్చా? ఇంట్లో అమ్మ వద్దంటోంది." పెళ్లయి కొత్తగా వచ్చిన అమ్మాయిలు కూడా ఇదే అడుగుతారు. పిల్లల్ని చూడ్డానికి ఆర్నెల్లకని వచ్చిన తల్లిదండ్రులైతే అడగరు, ఫ్రీజర్ తలుపు తీసి చూసి బాధపడతారు.

తినొచ్చు. మా ఇంట్లో తింటాం. కాకపోతే అన్ని కాయలూ కాదు, అన్ని వంటలకూ కాదు. ఫ్రోజెన్ మంచిదా ఫ్రెష్ మంచిదా అని మొత్తంగా తేల్చుకోవాలని చూస్తే ఎప్పటికీ తేలదు. ఈ పూట ఏం వండుతున్నారో దాన్ని బట్టి తేల్చుకోండి. పప్పు, పులుసు, సాంబారు, కుర్మా లాంటి నీళ్లున్న వంటలకు ఫ్రీజర్‌లోంచి తీసినా ఏం ఫర్వాలేదు. వేపుడుకీ, గుత్తి కూరకీ, కాల్చి చేసే పచ్చడికీ మాత్రం తాజా కాయే కావాలి.

అమ్మ మాటలో తప్పేమీ లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో రైతుబజార్లు మొదలయ్యాయి. పొద్దున్నే తోటలో కోసిన బీరకాయ మధ్యాహ్నానికల్లా పొయ్యి మీద ఉండటం అక్కడ మామూలు విషయం. అలాంటి చోట గడ్డకట్టిన కాయ కొనాల్సిన పనేముంది? ఇక్కడ పరిస్థితి వేరు. జనవరిలో మన స్టోర్‌లో కనిపించే బెండకాయ మెక్సికో నుంచో హోండురాస్ నుంచో వచ్చి ఉంటుంది. కోసి, పెట్టెల్లో సర్ది, సరిహద్దు దాటించి, లారీల్లో ఇక్కడికి చేర్చేసరికే రోజులు గడిచిపోతాయి. మీరు కొన్నాక మీ ఫ్రిజ్‌లో మరో నాలుగైదు రోజులు ఉంటుంది. "ఫ్రెష్" అన్న బోర్డు కింద ఉన్నా అది అమ్మ అనుకునే తాజా కాయ కాదు.

ఫ్రోజెన్ కూరగాయను పండిన చోటికి దగ్గర్లోనే కడిగి, కోసి, మరిగే నీళ్లలోనో ఆవిరిలోనో కాసేపు ఉంచి తీస్తారు. దాన్ని బ్లాంచింగ్ అంటారు. కాయలోని ఎంజైములు ఆ వేడికి ఆగిపోతాయి కాబట్టి రంగూ రుచీ నిలుస్తాయి. ఆ వెంటనే చాలా వేగంగా గడ్డకట్టిస్తారు. క్లారెన్స్ బర్డ్స్‌ఐ అనే అమెరికన్, ఇప్పటి కెనడాలోని లాబ్రడార్ చలిలో అక్కడి మూలవాసులైన ఇన్యూట్ ప్రజలు పట్టిన చేపలు అక్కడికక్కడే గడ్డకట్టడం గమనించి, 1920ల్లో అదే పనికి యంత్రాలు తయారుచేశాడు. వేగంగా గడ్డకడితే లోపల ఏర్పడే మంచు పలుకులు చిన్నవిగా ఉంటాయి, కాయ కండ అంతగా చితకదు. ఇంట్లో ఫ్రీజర్ నెమ్మదిగా గడ్డకట్టిస్తుంది. అందుకే మనం సొంతంగా దాచుకున్న కూరగాయలు కొన్నవాటికన్నా మెత్తబడతాయి.

పోషకాల గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. బ్లాంచింగ్‌లో విటమిన్ సి కొంత పోయే మాట నిజమే. కానీ గడ్డకట్టాక ఆ నష్టం బాగా నెమ్మదిస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టిన తాజా ఆకుకూర మాత్రం రోజురోజుకీ కోల్పోతూనే ఉంటుంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, డేవిస్ పరిశోధకులు 2015లో వెలువడిన అధ్యయనంలో పాలకూర, బఠాణీ, బీన్స్, క్యారెట్ వంటి 8 రకాల కూరగాయలు, పండ్లను ఫ్రిజ్‌లో కొన్ని, ఫ్రీజర్‌లో కొన్ని దాచి పోల్చారు. విటమిన్ సి ఫ్రోజెన్‌వాటిలో తాజావాటితో సమానంగానో, కొన్నిట్లో ఎక్కువగానో ఉంది. ఒంట్లో విటమిన్ ఎగా మారే బీటా కెరోటిన్ మాత్రం కొన్ని ఫ్రోజెన్‌వాటిలో బాగా తగ్గింది. ఇందులో ఒకవైపే గెలుపు లేదు.

నాకు అసలు దిగులు కలిగించేది వేరే ఉంది. మేరీవిల్, వారెన్స్‌బర్గ్ లాంటి యూనివర్సిటీ ఊళ్లలో ఉండే పిల్లలకు పెద్ద ఇండియన్ స్టోర్ కావాలంటే కాన్సస్ సిటీ వైపు గంటో గంటన్నరో కారులో రావాలి. చాలామందికి కారు ఉండదు. కారున్న ఫ్రెండ్‌తో వచ్చినప్పుడు ఆశగా రెండు సంచుల తాజా కూరగాయలు కొనుక్కెళతారు. మొదటి వారం అసైన్‌మెంట్లతో సరిపోతుంది. రెండో వారానికి బెండకాయలు నల్లబడి, కొత్తిమీర కుళ్లి, అన్నీ చెత్తబుట్టలోకి వెళ్తాయి. ఇక నెలంతా గుడ్లు, నూడుల్స్, పిజ్జా. అలా తిని నీరసపడిన పిల్లల్ని చూస్తుంటే మనసు కష్టంగా ఉంటుంది. ఫ్రీజర్‌లో రెండు ప్యాకెట్ల పాలకూర, ఒక ప్యాకెట్ ములక్కాడ ఉంటే రాత్రి పదింటికి వచ్చినా కుక్కర్‌లో పప్పు పెట్టుకోవచ్చు.

ఆకుకూరల్లో ఫ్రోజెన్ పాలకూర అన్నిటికన్నా లాభం. తాజా బేబీ స్పినాచ్ డబ్బా నిండుగా కనిపిస్తుంది గానీ మూకుట్లో వేస్తే పిడికెడు అవుతుంది. తరిగిన ఫ్రోజెన్ పాలకూర చిన్న ప్యాకెట్ అయినా ముగ్గురికి పప్పుకి సరిపోతుంది. వాల్‌మార్ట్‌లో కూడా దొరుకుతుంది, ఇండియన్ స్టోర్ దాకా వెళ్లక్కర్లేదు. ఫ్రోజెన్ మెంతికూర కూడా బాగుంటుంది, చేదు పోదు.

ములక్కాడల విషయంలో నాకు సందేహమే లేదు, ఫ్రోజెనే కొనండి. ఇక్కడ తాజాగా దొరికేవి చాలాసార్లు ఎండిపోయి, లోపల గుజ్జు లేక పీచులా ఉంటాయి. ఫ్రోజెన్ ముక్కలు లేతగా ఉన్నప్పుడు కోసినవి. సాంబారులోకీ, ములక్కాడ టమాటా కూరలోకీ చక్కగా సరిపోతాయి. ముందే కాస్త ఉడికినవి కాబట్టి చివర్లో వేయండి, లేకపోతే విడిపోతాయి. చిక్కుడుకాయ, గోరుచిక్కుడు కూడా ఫర్వాలేదు. ప్యాకెట్ మీద వాలోర్, పాప్డీ, గువార్ అని గుజరాతీ పేర్లుంటాయి, బొమ్మ చూసి పోల్చుకోండి. చేమదుంప, కంద ముక్కలు పులుసుకి బాగుంటాయి. కాకరకాయ బెల్లం పులుసుకి సరే, కరకరలాడే వేపుడుకి కాదు. మిక్స్‌డ్ వెజిటబుల్స్ ప్యాకెట్ కుర్మాకీ పులావుకీ బాగుంటుంది. అందులోని స్వీట్ కార్న్ వల్ల సాంబారు మాత్రం తియ్యగా మారుతుంది.

ఇక బెండకాయ. అందరూ ముందు ఫ్రోజెన్‌లో కొనేది ఇదే, నిరాశపడేదీ దీనితోనే. బెండకాయలో జిగురు సహజంగానే ఎక్కువ. గడ్డకట్టి కరిగేటప్పుడు కండ చితికి, నీరూ జిగురూ కలిసి బయటికొస్తాయి. ప్యాకెట్‌ను ముందే బయట పెట్టి కరిగించి, ఆ తర్వాత మూత పెట్టి వేయిస్తే ముద్దయి తీరుతుంది. చింతపండు పులుపు జిగురుని తగ్గిస్తుంది కాబట్టి బెండకాయ పులుసుకి ఫ్రోజెన్ ముక్కలు బాగానే ఉంటాయి. వేపుడే కావాలనిపిస్తే ఒక దారి ఉంది. ఓవెన్‌ని 425 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి వేడి చేసి, ముక్కల్ని కరిగించకుండానే నూనె పట్టించి, ట్రే మీద ఒకదానిమీద ఒకటి పడకుండా పరచి 20, 25 నిమిషాలు ఉంచండి. మధ్యలో ఒకసారి కదపండి. ఉప్పూ కారం దించాకే చల్లండి. పొయ్యి మీదైతే వెడల్పాటి మూకుడు, పెద్ద మంట, మూత లేకుండా. గడ్డకట్టిన ముక్కల్ని కాగే నూనెలో నేరుగా వేయొద్దు, నూనె చింది చేతులు కాలతాయి. ఇంత చేసినా తాజా బెండకాయ వేపుడంత రాదు. అందుకే ఎండాకాలంలో లేత బెండకాయలు దొరికినప్పుడు వేపుడు చేసుకోండి, చలికాలంలో పులుసు పెట్టుకోండి. దొండకాయ వేపుడుకీ ఇదే మాట.

వంకాయ, బీరకాయ, సొరకాయ, పొట్లకాయ, పప్పులో వేసే పసుపు దోసకాయ తాజాగానే కొనాలి. వీటిలో నీరెక్కువ, గడ్డకడితే మిగిలేది మెత్తటి ముద్దే. ఇండియన్ స్టోర్ దూరమైతే దగ్గర్లోని చైనీస్, వియత్నామీస్ స్టోర్లకు వెళ్లండి. చైనీస్ ఓక్రా అని రాసి ఉన్నది మన బీరకాయ, ఓపో అంటే సొరకాయ. తోటకూర కూడా అక్కడ తాజాగా దొరుకుతుంది. పొడుగు చైనీస్ వంకాయ లేతగా ఉంటుంది, ముద్దకూరకి బాగుంటుంది. గుత్తి వంకాయకి మాత్రం మన గుండ్రటి చిన్న వంకాయలే వెతుక్కోవాలి. తాజా సరుకు లారీ ఏ రోజు వస్తుందో స్టోర్‌లో అడిగి తెలుసుకోండి, ఆ రోజో మర్నాడో వెళ్తే కాయల తేడా మీకే కనిపిస్తుంది. కొన్నవాటిలో ఆకుకూరలు, బెండకాయలు, వంకాయలు ముందు వండేయండి. క్యాబేజీ, క్యారెట్, బీట్‌రూట్ వారాలపాటు ఆగుతాయి. ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ ఫ్రిజ్‌లో పెట్టకండి.

కరివేపాకు సూట్‌కేసులో తెచ్చుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. తేవద్దు. నిమ్మ, నారింజ తోటల్ని నాశనం చేసే తెగులును మోసుకొచ్చే చిన్న పురుగు కరివేపాకు మీద బతుకుతుంది, అందుకే తాజా కరివేపాకు తేవడాన్ని ఇక్కడ నిషేధించారు. స్టోర్‌లో కొని కడిగి, తడి పూర్తిగా ఆరాక జిప్ కవర్లో వేసి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. పోపులోకి నేరుగా వేయొచ్చు, వాసన బాగానే నిలుస్తుంది. కొత్తిమీర అలా పెడితే నల్లబడుతుంది. పచ్చిమిర్చితో రుబ్బి ఐస్ ట్రేలో గడ్డకట్టించుకుంటే చారుకీ కూరకీ ఒక్కో ముక్క చాలు. గోంగూర ఇక్కడ ఎండాకాలంలో పెరట్లో బ్రహ్మాండంగా పెరుగుతుంది, మొదటి మంచు కురిస్తే చచ్చిపోతుంది. తెలుగువాళ్ల ఇళ్లలో సెప్టెంబరులో అడిగితే సంచులకొద్దీ ఇస్తారు, మొహమాటపడకండి. ఆకుని నూనెలో మగ్గబెట్టి, చల్లార్చి, ఒక్కో పూటకి సరిపడా చిన్న కవర్లలో దాస్తే ఫిబ్రవరిలో కూడా గోంగూర పప్పు తింటారు.

కొనేటప్పుడు ప్యాకెట్‌ని చేత్తో నొక్కి చూడండి. ముక్కలు విడివిడిగా కదలాలి. ఒకే గడ్డలా ఉన్నా, లోపల మంచు పొర కట్టినా మధ్యలో ఎక్కడో కరిగి మళ్లీ గడ్డకట్టిందన్నమాట. అది పక్కన పెట్టేయండి. తరిగిన పాలకూర ఇటుకలా ఉండే ప్యాకెట్లకు మాత్రం ఇది వర్తించదు, వాటిని అలాగే తయారుచేస్తారు. వెనక ఇన్‌గ్రీడియెంట్స్‌లో కూరగాయ పేరొక్కటే ఉండాలి. సాస్, బటర్, సీజనింగ్ ఉన్నవి వద్దు, ఉప్పు ఎక్కువ. ఫ్రోజెన్ సెక్షన్‌కి అన్నీ కొన్నాక చివర్లో వెళ్లండి. గంట ప్రయాణం ఉంటే థర్మల్ బ్యాగ్ ఒకటి కొనుక్కోండి. ఇంటికొచ్చాక ఫ్రీజర్ సున్నా డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర, అంటే మైనస్ 18 సెల్సియస్ దగ్గర ఉందో లేదో చూసుకోండి. నలుగురు రూమ్మేట్లకి ఒకటే చిన్న ఫ్రీజర్ ఉంటే ముందే అరలు పంచుకోండి, ఐస్‌క్రీమ్ డబ్బాలకన్నా కూరగాయలకు చోటివ్వండి. మంచు తుఫానుకు కరెంటు పోతే తలుపు తీయకండి. నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండింది 24 గంటలు చల్లగా ఉంటుంది. ఫ్రిజ్ మాత్రం 4 గంటలే.

ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది, ఇంట్లో గర్భిణులు, చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే మరీ ముఖ్యం. ఫ్రోజెన్ కూరగాయ పచ్చిగా తినడానికి తయారుచేసింది కాదు. కడిగినా, బ్లాంచ్ చేసినా అందులో సూక్ష్మజీవులు ఉండొచ్చు, చలికి అవి చావవు. 2016లో లిస్టీరియా అనే బ్యాక్టీరియా వల్ల అమెరికాలో చాలా బ్రాండ్ల ఫ్రోజెన్ కూరగాయల్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. గర్భిణులకు లిస్టీరియా చాలా ప్రమాదం. కాబట్టి బఠాణీ, కార్న్ కరగ్గానే పెరుగుపచ్చడిలోనో సలాడ్‌లోనో కలిపేయకండి, ఉడికించి చల్లార్చి వేసుకోండి. మనవాళ్లు ఎక్కువగా పొరపడేది కొబ్బరి తురుము దగ్గర. ఫ్రీజర్‌లోంచి తీసి, మిక్సీలో వేసి, పైన పోపు పెట్టి ఇడ్లీలోకి వడ్డించేస్తారు. 2017లో ఫ్రోజెన్ కొబ్బరి తురుము వల్ల సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా సోకి ఇక్కడ జనం జబ్బుపడ్డారు. తురుముని మూకుట్లో బాగా వేడెక్కి పొగలొచ్చేదాకా వేయించి, ఆ తర్వాత రుబ్బుకోండి, పచ్చడి రుచి ఏమీ తగ్గదు. కొబ్బరికాయ దొరికే ఊళ్లో ఉంటే కాయే కొట్టుకోండి. ఫ్రోజెన్ మొలకల వల్ల కూడా 2025లో ఇదే జబ్బు వచ్చింది. అవి కొన్నా, పెసలు నానబెట్టి ఇంట్లో మొలకలు కట్టుకున్నా, పచ్చిగా తినకుండా బాగా ఉడికించి పోపు వేసుకోండి.